ఈ పది రూపాయలు మింట్ (టంకశాల) ఎర్రరా, ఎవరైనా కొట్టి చెడగొట్టారా? (నాలుగు కాయిన్ల ఫోటోలు పెట్టాను)

గోదారి_చిల్లర (రాజమండ్రి)

అందరికీ నమస్కారమండి. ఇక్కడికి కొత్త. మాది కిరాణా కొట్టు. గల్లాపెట్టెలో తేడాగా కనపడిన బిళ్లల్ని పక్కన ఒక డబ్బాలో పడేస్తుంటాను. వాటిలో నాలుగింటి ఫోటోలు పెడుతున్నానండి.

మొదటిది 2016 పది రూపాయలు. మధ్యలో తెల్ల బిళ్ల కాస్త పక్కకి జరిగింది, సింహాలు కూడా వాలినట్టున్నాయి. రెండోది 2007 స్టీలు ఐదు రూపాయలు, అలల గీతలున్నది. అంచున వంపుగా కొంచెం ముక్క లేదు. మూడోది రెండు రూపాయలు, 2013. ఇండియా అన్న అక్షరాలు జంటగా పడ్డాయి. నాలుగోది రూపాయి, సింహాల వైపు ఒకటి అంకె ఉల్టాగా లోపలికి దిగి ఉంది.

యూట్యూబులో ఒకాయన ఆ పది రూపాయల్లాంటి దానికి మూడు లక్షలన్నాడండి. మా ఆవిడ అప్పుడే ఫ్రిజ్ మోడళ్లు చూసేస్తోంది. నిజమేనా?

టంకశాల_బాబాయ్ (మోడరేటర్, హైదరాబాద్)

స్వాగతం అండీ. ఫ్రిజ్ సంగతి కొన్నాళ్లు ఆపమని చెప్పండి.

మీ ఫోటోలతో ఒక చిక్కుంది. వెలుతురు కింది నుంచి పడింది. అలా పడితే ఉబ్బెత్తుగా ఉన్న గీత లోపలికి దిగినట్టు, దిగింది ఉబ్బినట్టు కళ్లకి తారుమారవుతుంది. మన పనికి అసలు ప్రశ్నే అది. దీపం పైన ఎడమ పక్క పెట్టి, ఏటవాలుగా వెలుగు పడేట్టు మళ్లీ తీయండి. ఫ్లాష్ వద్దు. రెండు వైపులూ, దాంతో పాటు అంచు కూడా కావాలి. అంచు ఫోటో పెట్టకుండా ఎర్రరా కాదా అని అడిగితే నాడి పట్టుకోనివ్వకుండా జబ్బు చెప్పమన్నట్టే.

మీ ఊళ్లో బంగారం షాపువాళ్ల దగ్గర మిల్లీగ్రాముల కాటా ఉంటుంది. నాలుగూ తూయించండి.

లక్కీ_ఎర్రర్స్ (విజయవాడ)

బ్రదర్, ఆ పది రూపాయలు ఆఫ్ సెంటర్ కోర్. రేర్ ఐటం. ఎవరి మాటా విని అమ్మేయకండి. నాకు మెసేజ్ చేయండి, మంచి రేటు మాట్లాడుకుందాం.

పాతబస్తీ_పైసా (హైదరాబాద్)

గట్లెట్ల రేర్ అన్నా? ఫోటో సక్కగ చూసినవా? సింహాలు ఒక దిక్కు వంగినయ్, రింగు మీద భారత్ అక్షరాలు మాత్రం నిటారుగ ఉన్నయ్. మింటుల గది అయ్యే పనే కాదు. ఎవడో మధ్య బిళ్ల ఊడగొట్టి మళ్ల దిగగొట్టిండు.

లక్కీ_ఎర్రర్స్

మింట్‌లో ఏదైనా జరగొచ్చు బ్రదర్. అందుకే కదా ఎర్రర్ అంటాం.

లేత్_మెషిన్ (బాలానగర్)

ఏదైనా జరగదు. ప్రెస్సులో ఏం జరుగుతుందో దానికి లెక్క ఉంది. నేను పాతికేళ్లుగా డైలు, అంటే లోహాన్ని ఒత్తే ఉక్కు అచ్చులు, చేస్తున్నాను (నాణేలవి కాదు, ఫ్యాన్ పార్టులవి). పని మాత్రం ఒకటే, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు లోహాన్ని పొడవాటి పట్టీగా సాగదీస్తారు. ఆ పట్టీని పంచ్ కింద నడిపిస్తే గుండ్రటి బిళ్లలు తెగి పడతాయి. వాటిని కాల్చి మెత్తబరిచి, శుభ్రం చేసి, అంచుల్ని నొక్కే యంత్రంలో దొర్లిస్తారు. అక్కడ చుట్టూ చిన్న గట్టు లేస్తుంది. తర్వాత ప్రెస్సు. కింద ఒక డై, పైన ఒక డై, చుట్టూ కాలర్ అనే ఉక్కు ఉంగరం. బిళ్ల ఆ ఉంగరంలో కూర్చుంటుంది, పైడై దిగుతుంది, ఒక్క దెబ్బలో రెండు ముఖాలూ అంచూ తయారవుతాయి. పది రూపాయల విషయంలో రింగు వేరుగా, మధ్య బిళ్ల వేరుగా వచ్చి ఆ కాలర్లో కలుస్తాయి. ఆ దెబ్బకే ఒకదానికొకటి బిగుసుకుంటాయి.

ఇప్పుడు ఆలోచించండి. సింహాలున్న డై, భారత్ అక్షరాలున్న డై వేర్వేరు కావు. ఒకే ఉక్కు దిమ్మె మీద రెండూ చెక్కి ఉంటాయి. మధ్య బిళ్ల వంకరగా పడినా, పక్కకి జరిగినా, దాని మీద పడే బొమ్మ మాత్రం అక్షరాలతో సమానంగానే పడుతుంది. బొమ్మ డై మీద ఉంది గానీ బిళ్ల మీద లేదు కదా. అసలైన ఎర్రర్లో తెల్ల బిళ్ల ఒక పక్క రింగు మీదికి ఎక్కి చదునైపోతుంది, రెండో పక్క సందు మిగులుతుంది, సింహాలు మాత్రం ఉండాల్సిన చోటే నిటారుగా ఉంటాయి. బిళ్లతో పాటు బొమ్మ కూడా జరిగిందీ, తిరిగిందీ అంటే దెబ్బ పడ్డాక జరిగిన పని అది. మింట్ గేటు దాటాక.

రింగు అల్యూమినియం కాంస్యం, మధ్యది స్టీలు. వేడికి రెండూ ఒకేలా వ్యాకోచించవు, రింగే ఎక్కువ సాగుతుంది. గ్యాస్ స్టవ్ మీద వేడి చేసి సుత్తితో తడితే మధ్య బిళ్ల ఊడొచ్చేస్తుంది. కష్టమైన విద్యేం కాదు.

గోదారి_చిల్లర

అర్థమైందండి. పది రూపాయలు పోయినట్టే. ఫ్రిజ్ కూడా.

లక్కీ_ఎర్రర్స్

సరే, నా దగ్గర మధ్య బిళ్ల అసలు లేని రింగు ఉంది. వట్టి రింగు. దానికేమంటారు?

లేత్_మెషిన్

లోపలి గోడ ఫోటో పెట్టండి. బిళ్ల లేకుండా ప్రెస్సులోకి వెళ్లిన రింగైతే, దెబ్బకి లోహం పారడానికి లోపల ఖాళీ దొరుకుతుంది. కాబట్టి కన్నం వైపు లోహం జారి అంచు గుండ్రంగా వంగుతుంది, కన్నం కాస్త చిన్నదవుతుంది, అక్కడి బొమ్మ మసకగా ఉంటుంది. బిళ్లతో కలిపి కొట్టాక ఊడదీసిన రింగైతే లోపలి గోడ నిటారుగా ఉంటుంది, బిళ్ల కూర్చున్న ముద్ర కనిపిస్తుంది, అక్షరాలు కన్నం దాకా స్ఫుటంగా ఉంటాయి.

లక్కీ_ఎర్రర్స్

కస్టమర్‌కి పంపేశాను. ఫోటో లేదు.

పాతబస్తీ_పైసా

😀 గంతే మల్ల.

కాసులపేరు (ప్రొద్దుటూరు)

మాది బంగారం పని చేసే ఇల్లు. ఇట్లాంటిదే వేరే రకం మోసం ఒకటి చెప్తా, అడగలేదనుకోవద్దు. పాత వెండి రూపాయలు, విక్టోరియావి, జార్జివి, మా పక్క ఆడవాళ్లు మెళ్లో వేసుకునేవాళ్లు. దానికి పైన కొక్కెం అతికిస్తారు. తర్వాత అమ్మేటప్పుడు ఆ కొక్కెం తీసేస్తే అంచు మీద బుడిపె మిగులుతుంది. ఈమధ్య ఆ బుడిపె ఉన్న రూపాయల్ని "కడ్ ఎర్రర్" అని పేరు పెట్టి అమ్ముతున్నారు. మొన్న ఒకాయన మా షాపుకే తెచ్చి వెండి ధరకి మూడింతలు అడిగినాడు.

టంకం రంగు వేరే ఉంటుంది, కొంచెం పసుపో బూడిదో కొడుతుంది. భూతద్దంలో చూస్తే అంచు గీతల మీద పూత మాదిరి పారి ఉంటుంది. వెండి రూపాయి ఒక తులం, 11.66 గ్రాములు. అరిగి తగ్గుతుంది గానీ పెరగదు కదా సామీ. 11.8 తూగిందంటే అతుకు ఉన్నట్టే.

టంకశాల_బాబాయ్

చాలా ఉపయోగపడే మాటమ్మా. అసలైన కడ్ సంగతి కూడా ఇక్కడే రాసేస్తాను. డై అంచు విరిగి ముక్క ఊడిపోతే ఆ గుంటలోకి నాణెపు లోహం దూరుతుంది. నాణెం మీద అంచు దగ్గర ఏ బొమ్మా లేని ఉబ్బు వస్తుంది. అదే లోహం, అదే రంగు. అటు గుంట నింపడానికి లోహం పోయింది కాబట్టి వెనకవైపు సరిగ్గా అదే చోట బొమ్మ బలహీనంగా పడుతుంది. అంచు గీతలు మాత్రం మామూలుగానే ఉంటాయి, ఎందుకంటే వాటిని చేసేది కాలర్, దానికేం కాలేదు. వెనక్కి తిప్పి చూడకుండా కడ్ అని ఎవరన్నా నమ్మొద్దు.

డై పగుళ్లకి కూడా ఇదే తర్కం. డై మీద పగులు గుంట, నాణెం మీద అది లేచిన గీత. గోరు తగిలితే తెలుస్తుంది. గీకుడైతే లోపలికి దిగి, పక్కన లోహం చిన్న ఒడ్డులా లేచి ఉంటుంది. స్టీలు గట్టి లోహం, డైలకి శ్రమ ఎక్కువ. అందుకే మన స్టీలు నాణేల మీద సన్నటి డై పగుళ్లు తరచూ దొరుకుతాయి. దొరికినంత మాత్రాన ధర రాదు, కానీ నేర్చుకోవడానికి అంతకంటే చవకైన బడి లేదు.

వైజాగ్_అణా (విశాఖపట్నం)

బాబాయ్ గారూ, దిగిన ప్రతీదీ డ్యామేజీ కాదు కదా? గ్రీజు సంగతి చెప్పలేదు.

టంకశాల_బాబాయ్

నిజమే. డై గుంటల్లో గ్రీజు, లోహపు పొడి పేరుకుంటే అక్షరాలు సరిగ్గా పడవు, కొన్ని మాయమవుతాయి. డైకీ బిళ్లకీ మధ్య గుడ్డ పీలికో తీగ ముక్కో పడితే దాని ముద్ర నాణెం మీద లోతుగా దిగుతుంది. రెండూ అసలైన మింట్ ఎర్రర్లే. తేడా గుర్తుపట్టడం ఇలా: గ్రీజు వల్ల పోయిన అక్షరం క్రమంగా మసకబారుతూ పోతుంది, చుట్టూ బొమ్మ లేని చదును చోటు మీద మింట్ మెరుపు అలాగే ఉంటుంది. అరగదీసిన అక్షరం దగ్గర మెరుపు పోయి ఒకే దిక్కు సన్న గీతలుంటాయి. తీగ ముద్ర అడుగు నున్నగా ఉంటుంది, ఒడ్డు లేవదు.

డల్లాస్_డబ్బులు (టెక్సస్)

నాకు ఎదురైన రకం మీకు ఇండియాలో అరుదు అనుకుంటా. ఇక్కడ లాండ్రీ షాపుల్లో పెద్ద డ్రయ్యర్లుంటాయి. జేబులోంచి జారిన క్వార్టర్ (పావు డాలరు నాణెం) ఆ డ్రమ్ము సందులో ఇరుక్కుని వారాల తరబడి దొర్లుతూనే ఉంటుంది. అంచంతా లోపలికి చుట్టుకుపోతుంది, నాణెం సైజు తగ్గుతుంది, అక్షరాలు గట్టు కింద నలిగిపోతాయి. బరువు మాత్రం దాదాపు అంతే. వేలంలో వాటిని "చిన్న బిళ్ల మీద కొట్టిన క్వార్టర్" అని పెడుతుంటారు. నిజంగా చిన్న బిళ్ల అయితే బరువు కూడా తగ్గాలి కదా అనే ప్రశ్న ఎవరికీ రాదు.

మనవాళ్లకి ఇంకో చిక్కు. అమెరికా నాణేల్ని పై నుంచి కిందికి తిప్పాలి, ఇండియా నాణేల్ని పక్కకి తిప్పాలి. ఇండియా నుంచి వచ్చిన మా బావమరిది ఇక్కడి చిల్లరంతా చూసి "అన్నీ తలకిందులే, అన్నీ ఎర్రర్లే" అన్నాడు.

పాతబస్తీ_పైసా

మా దగ్గరికి గూడ గసుంటోళ్లు వస్తరు. వెనక బొమ్మ పది డిగ్రీలు, పదిహేను డిగ్రీలు తిరిగిందని పట్టుకొస్తరు. మన నాణేలల్ల గా మాత్రం మస్తు ఉంటయ్, ఎవరు కొనరు. తొంభై, నూటఎనభై అయితే చూద్దాం అంట. రెండు దిక్కుల బొమ్మనే ఉన్నది తెచ్చిండు ఒకడు. మ్యాజిక్ చేసేటోళ్ల కాయిన్ గది. ఒకదాన్ని తొలిచి ఇంకోదాన్ని దాంట్ల కూసోబెడతరు. గట్టు లోపట సన్న అతుకు గీత కనిపిస్తది, రాయి మీద ఏస్తే మోగదు.

గోదారి_చిల్లర

కాటా దొరికిందండి, మా వీధి కంసాలి గారు తూచి పెట్టారు. కొత్త ఫోటోలు పైన జత చేశాను. ఐదు రూపాయలు 5.74 గ్రాములు. రెండు రూపాయలు 4.83. రూపాయి 3.77. పది తూయలేదు, ఎందుకులెండి.

ఇంకో మాట. నిన్న రాత్రి నాకో మెసేజ్ వచ్చింది. మీ కాయిన్ రిజర్వు బ్యాంకు ద్వారా కొనిపిస్తాం, రిజిస్ట్రేషన్‌కి 1,850 పంపండి అని. లక్కీ గారు కాదండి, వేరే ఎవరో.

టంకశాల_బాబాయ్

పంపకండి. ఆ ఖాతా పేరు నాకు పంపితే ఇక్కణ్ణుంచి తీసేస్తాను. పాత నాణేలూ నోట్లూ కొనడం అమ్మడంలో తమకు ఏ సంబంధమూ లేదని, ఎవరి దగ్గరా ఫీజు, కమీషన్ తీసుకోమని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది. అయినా వైష్ణోదేవి బొమ్మున్న పది రూపాయలకి లక్షలంటూ వీడియోలు ఆగలేదు. అది 2012లో వచ్చిన స్మారక నాణెం, అంతే. హనుమంతుడి బొమ్మతో 1818 అని ఉండే ఈస్టిండియా కంపెనీ "అణాలు" కూడా కంపెనీవి కావు, గుళ్ల దగ్గర అమ్మే టోకెన్ల జాతి. బియ్యం లాగుతుందని చెప్పి వాటితో మన రెండు రాష్ట్రాల్లో ఎంతమందిని ముంచారో పేపర్లు చదివేవాళ్లందరికీ తెలుసు.

ఇక మీ నాణేలు. రూపాయి సంగతి ఎవరైనా రాయండి, నేను ఐదు రూపాయలు చూస్తున్నాను.

లేత్_మెషిన్

రూపాయి నేను రాస్తాను. దాన్ని బిగించి పట్టే వైస్‌లో నొక్కారు.

అంకె ఉల్టాగా దిగి ఉండటం అసలైన ఎర్రర్లో కూడా ఉంటుంది, దాన్ని బ్రాకేజ్ అంటారు. కొట్టిన నాణెం ఊడి పడకుండా ఒక డైకి అతుక్కుపోతుంది. తర్వాత వచ్చిన బిళ్లకి ఆ వైపు డై తగలదు, అతుక్కున్న నాణెం తగులుతుంది. దాని పైకి కనిపించే ముఖం ఈ బిళ్ల మీద అద్దంలో చూసినట్టు ఉల్టాగా, లోతుగా పడుతుంది. అప్పుడు ఒక వైపు అంకె మామూలుగా, రెండో వైపు అదే అంకె ఉల్టాగా దిగి వస్తుంది. సింహాలకి చోటే ఉండదు. ఆ వైపు సింహాల డై అసలు ముట్టుకోలేదు కదా.

మీ దాంట్లో ఉల్టా అంకె కింద సింహాలు నలిగి కనిపిస్తున్నాయి. అంటే నాణెం పూర్తిగా తయారైంది, తర్వాత ఇంకో రూపాయిని దాని మీద పెట్టి బిగించారు. వెనకవైపు అంకె కూడా చూడండి, పైభాగం చదునుగా మెరుస్తోంది. వైస్ దవడ తగిలిన చోటు అది.

గోదారి_చిల్లర

ఇలా ఎందుకు చేస్తారండి అసలు?

కాసులపేరు

కొందరు అమ్మడానికి, కొందరు ఊరికే. మా పిల్లోళ్లు రైలు పట్టాల మీద పెట్టి చదును చేసుకొచ్చేవాళ్లు. దాన్ని కూడా ఎర్రరని తెచ్చేవాళ్లున్నారు, ఏం చెప్తాం.

వైజాగ్_అణా

రెండు రూపాయలు నేను చూశాను. డబుల్ డై కాదండీ. జంట అక్షరం మెట్టులా చదునుగా ఉంది, అసలు అక్షరం కంటే కిందికి ఉంది. ఇది డై కొట్టి పైకి లేచేటప్పుడు వదులుగా కదిలి అక్షరాన్ని పక్కకి తోయడం వల్ల వస్తుంది. అక్షరం దళసరి కావాల్సింది పోయి సన్నబడుతుంది. డబుల్ డై అంటే డై తయారీలోనే బొమ్మ రెండుసార్లు పడటం. అప్పుడు రెండు అక్షరాలూ గుండ్రంగా, నిండుగా ఉంటాయి, కొసలు చీలినట్టు విడివిడిగా కనిపిస్తాయి, ఆ డైతో కొట్టిన ప్రతి నాణెం మీదా అలాగే ఉంటుంది.

డల్లాస్_డబ్బులు

ఒక్క అభ్యంతరం. వదులు డై వల్ల వచ్చినా అది మింట్‌లో జరిగిందే కదా? డ్యామేజీ అని కొట్టిపారేయలేం.

వైజాగ్_అణా

డ్యామేజీ అనలేదు. ఎర్రరని ధర కట్టలేం అంటున్నాను. మన నాణేల్లో ఇది విపరీతంగా ఉంది.

డల్లాస్_డబ్బులు

ఇక్కడ కూడా దీనికి ధర ఉండదు. నా దృష్టిలో మాత్రం ఆ డబ్బాలో పెట్టుకోదగ్గదే.

టంకశాల_బాబాయ్

ఐదు రూపాయలు. అందరూ ఆగండి, ఇది బాగుంది.

వంపు ముక్క దగ్గర అలల గీతలు చూడండి. కత్తిరించినట్టు ఠక్కున ఆగలేదు. అంచుకి దగ్గరయ్యే కొద్దీ పలచబడి, ఖాళీ వైపుకి సాగాయి. అంటే దెబ్బ పడేటప్పటికే అక్కడ లోహం లేదు, పక్కనున్న లోహం అటు జారింది. ఇప్పుడు దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు చూడండి. గట్టు దాదాపు లేదు, మొద్దుగా ఉంది.

ఇది బ్లేక్స్‌లీ గుర్తు. లేత్ గారు చెప్పిన అంచు నొక్కే యంత్రం బిళ్లని రెండు వైపుల నుంచి ఒత్తుతూ దొర్లిస్తుంది. కొరత ఉన్న భాగం ఒక వైపుకి వచ్చినప్పుడు ఒత్తడానికి ఏమీ ఉండదు, కాబట్టి ఎదుటి వైపుకీ ఒత్తిడి తగలదు. అక్కడ గట్టు లేవదు. గ్రైండర్ పెట్టి ముక్క కోసేవాడు కోసిన చోటే చూసుకుంటాడు, ఎదుటి అంచు గుర్తే రాదు.

బరువు కూడా సరిపోయింది. 6 గ్రాములుండాలి, 5.74 ఉంది, పోయిన ముక్కకి తగినంత. పట్టీ సరిగ్గా ముందుకి జరగక పంచ్ పాత కన్నం మీద కొంత పడింది, వంపు అందుకే వచ్చింది. అసలైన క్లిప్ (బిళ్ల తెగేటప్పుడే అంచున ముక్క తక్కువ పడ్డ ఎర్రర్). గ్రైండింగ్ గీతలు కూడా ఏమీ లేవు. లేత్ గారూ?

లేత్_మెషిన్

ఔను. ఆ వంపుని సన్నగా కొలిచే పరికరం వెర్నియర్‌తో కొలిస్తే ఇంకా తేలుతుంది. వంపు వ్యాసం బిళ్ల వ్యాసానికి దగ్గరగా రావాలి. ఫోటోలో అలాగే ఉంది. నాకు అనుమానం లేదు.

పాతబస్తీ_పైసా

చిల్లర అన్నా, అమ్ముతవా? ముందు జెప్తున్న, లక్షలు ఇయ్య. వందల్లనే మాట్లాడుకుందాం.

గోదారి_చిల్లర

ఆయ్, ఇప్పుడే కాదులెండి. ఇప్పుడిప్పుడే ఏంటో అర్థమవుతోంది. కొంచెం నల్లబడింది, చింతపండుతో తోమితే బాగుంటుందా అండి?

కాసులపేరు

వద్దు! చింతపండు, నిమ్మకాయ, బ్రాసో ఏదీ వద్దు. కాగితం కవర్లో పెట్టి వదిలేయ్ అబ్బీ.

పాతబస్తీ_పైసా

తోమితే వందల మాట గూడ పాయె.

సిద్దిపేట_సిల్వర్ (సిద్దిపేట)

నమస్తే. నా దగ్గర ఐదు రూపాయల మీద సంవత్సరం కింద ఏ గుర్తూ లేదు. చుక్క లేదు, నక్షత్రం లేదు. మింట్ మార్క్ మిస్సింగ్ ఎర్రరేనా? ఇంకోటి, మా తాతల నాటి నిజాం రూపాయి మీద అక్షరాలు సగమే పడ్డాయి, పైగా చిన్న చిన్న గుద్దిన గుర్తులున్నాయి.

టంకశాల_బాబాయ్

కోల్‌కతా వాళ్లు గుర్తు వేయరు. ముంబైకి డైమండ్, హైదరాబాద్‌కి నక్షత్రం, నోయిడాకి చుక్క. గుర్తు లేదంటే కోల్‌కతా నాణెమని అర్థం. ఇది ఇక్కడ ప్రతి నెలా వచ్చే ప్రశ్న.

నిజాం రూపాయి చేతితో కొట్టినదైతే సగం అక్షరాలు పడటం తప్పే కాదు. అప్పట్లో డై పెద్దది, బిళ్ల చిన్నది, సుత్తి దెబ్బ ఎటు పడితే అటు. పూర్తి అక్షరాలు పడినవే అరుదు, వాటికే ధర. ఆ గుద్దిన గుర్తులు సరాఫులవి (వెండి, డబ్బు వ్యాపారులవి). వెండి మంచిదా కాదా అని పరీక్షించి వేసిన ముద్రలు. ఎర్రర్ కాదు, కొందరు దాన్ని డ్యామేజీ అంటారు. నాకైతే ఆ నాణెం ఎన్ని చేతులు మారిందో చెప్పే గుర్తులుగా ఇష్టం. చార్మినార్ బొమ్మున్న రూపాయైతే కథ వేరు, అది యంత్రం మీద కొట్టింది. మీది ఏదో తెలియాలి, ఫోటో పెట్టండి.

హైదరాబాద్ వచ్చినప్పుడు సైఫాబాద్ మింట్ కాంపౌండ్ మ్యూజియం చూడండి. 1903 నుంచి అక్కడ నాణేలు కొట్టారు, 1997లో పని చర్లపల్లికి మారింది, 2022లో పాత చోటుని మ్యూజియం చేశారు. పాత యంత్రాలు కళ్లారా చూస్తే లేత్ గారు రాసిందంతా బుర్రకెక్కుతుంది.

లక్కీ_ఎర్రర్స్

అందరూ కలిసి మార్కెట్ పాడు చేస్తున్నారు. కొనేవాడికి ఇష్టం, అమ్మేవాడికి ఇష్టం, మధ్యలో మీకేంటి?

టంకశాల_బాబాయ్

ఇష్టపడి డ్యామేజీ కొనుక్కోవచ్చు, డ్యామేజీ అని రాసి అమ్మితే. ఎర్రరని రాసి అమ్మితేనే ఇక్కడ పేచీ. చెలామణిలో ఉన్న నాణేన్ని కరిగించినా ధ్వంసం చేసినా నాణేల చట్టం, 2011 కింద నేరమవుతుందని కూడా గుర్తుంచుకోండి. ఇక ఈ చర్చలో అమ్మకం పోస్టులు వద్దు.

నెల్లూరు_నయాపైసా (నెల్లూరు)

అన్నలూ, ఆలస్యంగా చూశా ఇదంతా. నా దగ్గర రెండు రూపాయలు, 2014ది. సైజు సరిగ్గా అప్పటి రూపాయంత. చుట్టూ గట్టు లేదు, అంచు దగ్గర అక్షరాలు సగం తెగాయి. కాటా మీద పెడితే 3.76. అప్పటి రూపాయి బరువు 3.79 కదా. రూపాయి బిళ్ల మీద రెండు రూపాయల డై పడిందని నా నమ్మకం. బరువే సాక్ష్యం.

వైజాగ్_అణా

అబ్బ! నిజమైతే ఈ చర్చలో అన్నిటికంటే పెద్దది ఇదే.

లేత్_మెషిన్

తొందరపడకండి. బరువు ఇక్కడ సాక్ష్యం కాదు. లెక్క వేద్దాం.

2014 నాటి రెండు రూపాయలు 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములు. అప్పటి రూపాయి 22 మిల్లీమీటర్లు, 3.79 గ్రాములు. రెండూ ఒకే స్టీలు, దళసరి దాదాపు ఒకటే. మామూలు రెండు రూపాయల్ని చుట్టూ ఆకురాయితో అరగదీసి 22కి తెస్తే ఎంత మిగులుతుంది? 22ని 25తో భాగించి వర్గం చేస్తే 0.774. దాన్ని 4.85తో గుణిస్తే 3.75. మీ కాటా చూపిస్తున్నదానికి అదీ సరిపోతుంది, ఇదీ సరిపోతుంది.

అంచే చెప్పాలి. అరగదీసిందైతే మూల పదునుగా, గీతలతో ఉంటుంది, తెగిన అక్షరాలు తెగిన చోటు దాకా పూర్తి ఎత్తులో ఉంటాయి. చిన్న బిళ్ల మీద కొట్టిందైతే దానికి కాలర్ అందదు, కాబట్టి అంచు గుండ్రంగా వాలుతుంది, అక్షరాలు బయటికి సాగి పలచబడతాయి, గుండ్రం కూడా కచ్చితంగా ఉండదు. వెర్నియర్‌తో మూడు నాలుగు చోట్ల కొలవండి. 22 కంటే కాస్త ఎక్కువ, చోటుకో రకంగా వస్తే మంచిది. అన్ని చోట్లా ఒకటే వస్తే ఎవరో లేత్ మిషను మీద తిప్పి అరగదీశారని నాకు అనుమానం.

నెల్లూరు_నయాపైసా

వెర్నియర్ లేదన్నా. రేపు మా బావ వర్క్‌షాపులో అడుగుతా. ప్రస్తుతానికి అంచు ఫోటో తీస్తున్నా, దీపం పైన ఎడమ పక్కనే పెట్టాను.

టంకశాల_బాబాయ్

వేళ్లతో ముఖాలు ముట్టుకోకుండా అంచు పట్టుకుని తీయండి. వెనకవైపు కూడా.

పాతబస్తీ_పైసా

జల్ది పెట్టు అన్నా, నిద్ర పట్టది.